వంగు వదినా

చైత్రం, శుద్ధ తదియ

ఇది మేం కసరత్తు చేసే తాలింఖానా దినచర్య. రోజూ చుట్లు పూర్తయ్యాక గంట కొట్టే మనిషి ఈ యంత్రం ముందు నిలబడి నాలుగు ముక్కలు చెప్పి తీరాలని డాక్టరమ్మ ఆజ్ఞ. ఎవరొచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, ఎవరికి ఎక్కడ పట్టేసింది, అంతే చాలంటుంది. నాలుగు ముక్కలతో ఆగే నోరు కాదు నాదని ఆవిడకీ తెలుసు. నా పేరు నూకరత్నం. చంద్రుడి మీద దుమ్ముపేటలో గంట కొట్టేది నేనే.

ఇవాళ ఎగ్గొట్టిన వాళ్ళు లేరు. కొలిమి వాళ్ళు ఒంటినిండా దుమ్ముతో లోపలికి రాబోతే గుమ్మంలోనే నిలబెట్టి చీపురుతో దులిపాను. గంట కొడితే నలభై సెకన్లు ఎత్తుడు, మళ్ళీ కొడితే ఇరవై సెకన్లలో పక్క రాయికి మారుడు. ఎనిమిది చోట్లు, మూడు చుట్లు. మా శ్రీకాకుళం వైపు పండగల్లో మీసం మెలేసి ఎత్తే సంగిడి రాయి ఉంటుంది చూడండి, పట్టుకోడానికి పిడితో, ఇవీ అలాంటివే. ఇక్కడి దుమ్మునే కాల్చి పోత పోసుకున్నాం. కాకపోతే ఇక్కడ ఏదైనా ఆరో వంతే తూగుతుంది కాబట్టి రాయి ఆరింతలు పెద్దదై ఉండాలి. కిందైతే ఎడ్లని కట్టి లాగించాల్సిన గుండుని తవ్వకం బండి నడిపే మా దాలినాయుడు రోజూ పొద్దున్నే భుజానికెత్తుకుంటాడు. కింద అంటే భూమి. తలెత్తితే నడినెత్తిన కనబడేదాన్ని కింద అనడమేమిటని అడక్కండి, అలవాటైపోయింది.

అందరికన్నా ఆఖర్న మా వదిన వచ్చింది, గొణుక్కుంటూ. సన్యాసమ్మ ఆవిడ పేరు, నా మొగుడికి తోడబుట్టిన అక్క. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన వల్ల కలిసిన చుట్టరికం ఆయన పోయాక తెగలేదు సరికదా, ఇప్పుడు ఒకే గదిలో పడుకుని ఒకరి గురక గురించి ఒకరం తగువులాడుకుంటాం. పేటలో వంటశాల ఆవిడదే. అందరికీ ఆవిడ ‘అప్ప’. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు.

“నలభై సెకన్లకి సోడంబలైనా కలవదు. దీనికింత గంటెందుకే?” అంది.

“అంబలి కలిపితే ఎముకలు గట్టిపడవు వదినా.”

“తాగితే గట్టిపడతాయి. కాదని నీకెవలు సెప్పారు?”

చెప్పింది డాక్టరమ్మ. ఏడాదికోసారి మాఘంలో ఓడ వస్తుంది. అది వచ్చే ముందు అందరికీ తుంటి ఎముక కొలుస్తారు. లెక్క గీత కిందకి పడితే ఆ మనిషిని అదే ఓడలో కిందకి పంపేస్తారు. దయతో పెట్టుకున్న నియమమే అది. ఇంకా ఆగితే ఎముక మరీ గుల్లబారి కింది బరువుకి తట్టుకోదు, పంపాలన్నా పంపలేం. వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు. తోడు వెళ్ళడానికి ఎవరికీ చోటివ్వరు.

మొన్న మాఘంలో మా వదిన లెక్క గీతని ఆనుకుని ఉంది. ఏటా తగ్గినంత ఈ ఏడూ తగ్గిందంటే వచ్చే ఓడలో మా వదిన ఉంటుంది. నాకు ఆవిడ తప్ప ఎవరూ లేరు. డాక్టరమ్మా, ఇది దినచర్యలో చెప్పాల్సిన విషయం కాదని నాకు తెలుసు. చెప్పేశాను.

వైశాఖం, బహుళ నవమి

నిన్నే పొద్దు గుంకింది. ఇంక పక్షం రోజులు చీకటే. చలికి రాళ్ళు జిల్లుమంటున్నాయి, అందరికీ చేతులకి గుడ్డలు చుట్టుకోమని చెప్పాను.

వదిన లెక్క మధ్యలో ఒకసారి చూడమని డాక్టరమ్మని నేనే పోరాను. డాక్టర్ ఎస్తేరు ముప్పై అయిదేళ్ళ మనిషి, గుంటూరమ్మాయి, మెత్తగా మాట్లాడుతుంది. ఇవాళ నన్ను పక్కకి పిలిచింది.

“చేతులూ భుజాలూ కుర్రవాళ్ళలాగా ఉన్నాయి రత్నమ్మగారూ. తుంటి మాత్రం ఇంకా తగ్గింది.”

“ఒక్క రోజు మానలేదు. నా జోడీయే కదా, నా కళ్ళముందే చేస్తోంది.”

“నేనూ చూస్తున్నాను కదా. మరి వయసేమో. మాత్ర పెంచుతాను. మీరు బరువు పెంచి చూడండి.”

పెంచాను. వదినకిచ్చే ప్రతి రాయీ ఒక మెట్టు పెద్దది చేశాను. ఆవిడ కిక్కురుమనకుండా ఎత్తింది. మధ్యాహ్నం వంటశాలలో దాలినాయుడితో పంజా పట్టి వాడి చెయ్యి బల్లకి ఆనించేసింది కూడా. “రోజూ పన్నెండు మంది తిండి తింతావు, ఇంతేనేట్రా నీ బలం?” అని అడిగితే వాడు సిగ్గుపడి ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు. ఆ చెయ్యికున్న గట్టితనం నడుం కింద ఎందుకు లేదో నాకు అంతుపట్టడం లేదు.

జ్యేష్ఠం, శుద్ధ ఏకాదశి

నా పరువు పోయింది. వినండి.

ఇక్కడికి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నేను మొదట చెప్పేది ఒక్కటే. ఇక్కడ రాయి బరువు తగ్గింది కానీ మొండితనం తగ్గలేదు. ఎత్తడం తేలిక, ఆపడం కష్టం. గుంజి లేపావంటే నీ చేతిని కూడా పట్టుకుపోతుంది. నెమ్మదిగా లేపు, నెమ్మదిగా ఆపు. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పిన నేను ఇవాళ వదిన తుంటి గురించి ఆలోచిస్తూ సంగిడిని ఒక్క ఊపున గుంజాను. అది తలదాటి పోయింది. ఆపబోతే మణికట్టు కలుక్కుమంది.

విరగలేదట, బెణికిందట. డాక్టరమ్మ కట్టు కట్టి పదిహేను రోజులు రాయి ముట్టుకోవద్దంది. “చెప్పేవాళ్ళే చేస్తే వినేవాళ్ళకి ఏం చెప్తాం?” అని నవ్వింది కూడా. వదిన నవ్వలేదు. ఈపూట అన్నం తనే కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టింది. ఎడంచేత్తో తినగలను అంటే వినలేదు.

“నోర్ముయ్. ఎడం సేత్తో ఎవలైనా తింతారేటి? నోరు తెరు.”

అరవైకి ఏడాది కూడా లేదు నాకు, పసిపిల్లలా తిన్నాను. బాగుంది కూడాను.

జ్యేష్ఠం, శుద్ధ ద్వాదశి

రాయి ఎత్తే పని లేదు కాబట్టి ఇవాళ గంట దగ్గర ఊరికే కూర్చున్నాను. ఇన్నేళ్ళలో తాలింఖానాని పక్కన కూర్చుని చూడడం ఇదే మొదలు. ఎప్పుడూ గంట కొట్టి నేనూ రాయి పట్టేదాన్ని. నా బదులు వదినకి దాలినాయుడు జోడీ కట్టాడు.

మొదటి గంట కొట్టాను. అందరూ వంగారు. మా వదిన చేతులు చాచింది.

దాలినాయుడు సంగిడిని నేలమీంచి తీసి “ఇంద అప్పా” అని ఆవిడ నడుం దగ్గరికి అందించాడు. ఆవిడ అందుకుని గుండెలదాకా లేపింది, దించింది, లేపింది. గంట కొట్టాను. వాడు అందుకుని నేలమీద పెట్టాడు. తరవాతది గుంజీలు. బస్తా ఆవిడ భుజాలకెత్తారు. ఆవిడ మోకాళ్ళు బెత్తెడు వంచి లేచేసరికి పక్కనున్నవాళ్ళు చాల్లే అప్పా, చాల్లే అన్నారు. బిందెల నడకకి బిందెలు ఆవిడ కోసం ప్రత్యేకంగా ఎత్తు బల్ల మీద పెట్టి ఉన్నాయి. ఆ బల్ల వేయించింది నేనే.

మూడు చుట్లూ అయిపోయాయి. మా వదిన మొదటి గంట నుంచి ఆఖరి గంట దాకా ఒక్కసారి కూడా వంగలేదు.

ఇది కొత్తగా మొదలైంది కాదు. ఆరేళ్ళ కిందట ఆవిడకి అరవై నిండిన రోజున పేట పేటంతా కలిసి అనుకున్న మాట. అప్ప ఇంక నేలమీంచి రాయి తియ్యకూడదు, చేతికివ్వాలి అని. అరవై దాటిన మనిషి దుమ్ముపేటలో ఇప్పటికీ ఆవిడొక్కతే. ఆ రోజు మొదటి రాయి దాలినాయుడు అందించి దండం పెట్టాడు. మర్నాటి నుంచి నేను అందిస్తున్నాను. వంటశాలలోనూ అంతే. గుండిగ దించాలంటే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. గరిట జారిపడితే నలుగురు వంగుతారు. డాక్టరమ్మ కూడా పొద్దున నా కళ్ళముందే ఆవిడ చెప్పులు తీసి కాళ్ళకి తొడిగింది.

నేలమీంచి ఎత్తితేనే కదా తుంటి మీద బరువు పడేది. ఆరేళ్ళుగా అందరం కలిసి ముద్దు చేసి ఆవిడ నడుం కింద ఎముకలు తినేశాం. తల కొట్టుకోవాలనిపించింది. కట్టు ఉందని మానేశాను.

జ్యేష్ఠం, శుద్ధ త్రయోదశి

డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. తరవాత “నేను రోజూ చెప్పులు తొడుగుతున్నాను” అంది. అవునమ్మా, తొడుగుతున్నావు. ఇంక మానెయ్.

వదినకి చెప్పడం నా పని. గదిలో మంచాల మధ్య కూర్చుని అంతా విడమరిచి చెప్పాను. ఆవిడ తమలపాకు ఈనెలు తీస్తూ విన్నది.

“మొక్కై ఒంగందే మానై ఒంగునా అంతారు. నాను మానునైపోయాను. నన్నిలాగే ఒగ్గీ,” అంది.

“కిందకి పంపేస్తారు వదినా.”

“పంపరులే. ఈళ్ళకి ఉలవసారు ఎవలు కాస్తారు?”

“నవ్వులాట కాదు. రేపటినుంచి రాయి నువ్వే తీసుకోవాలి.”

అప్పుడు ఆకు కింద పెట్టేసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి చాలాకాలమైంది. “అరవై నిండిన్నాడు నా సేతికి రాయిచ్చి దండం పెట్టారు. నాకు మొగుడు లేడు, పిల్లల్లేరు. తమ్ముడు పోనాడు. నాకు మిగిలింది ఆ గౌరవం ఒక్కటే. అందరి ముందూ దాన్ని లాగేసుకుంతావేటే రత్నం?”

ఆకు చుట్టి ఇచ్చింది, తీసుకున్నాను.

ఆషాఢం, బహుళ పంచమి

మణికట్టు నయమైంది. ఇన్ని రోజులూ బతిమాలాను, అలిగాను, డాక్టరమ్మ చేత చెప్పించాను. వదిన వినలేదు. నేను అందించకపోతే ఇంకొకరు అందిస్తున్నారు. మాఘం ముంచుకొస్తోంది. ఎక్కడైనా బావ కానీ వంగతోట దగ్గర కాదంటారు. నేనూ మనసు రాయి చేసుకున్నాను.

గంట కొట్టే ముందు అందరికీ వినబడేలా చెప్పాను. ఇవాళ్టినుంచి ఎవరి రాయి వాళ్ళే నేలమీంచి తీసుకోవాలి.

“అప్ప కూడానా పిన్నీ?” అన్నాడు దాలినాయుడు.

“అప్ప కూడా.”

గంట కొట్టాను. అందరూ వంగారు. వదిన ఎప్పటిలాగే చేతులు చాచింది. రాయి ఆవిడ పాదాల ముందుంది. ఆవిడ నా వైపు చూసింది. నేను గంట వైపు చూశాను. ఒకరి తరవాత ఒకరు రాళ్ళు దించేసి నిలబడిపోయారు. ఆ చాచిన చేతులు అలాగే ఉన్నాయి. నలభై సెకన్లు ఎంత పొడుగో నాకు ఇవాళే తెలిసింది.

గంట కొట్టాను. ఆవిడ పక్క రాయి దగ్గరికి నడిచి మళ్ళీ చేతులు చాచింది. మూడో రాయి దగ్గర చెయ్యి దించేసింది. నాలుగోదాని దగ్గరికి పోకుండా గుమ్మం దాటి వెళ్ళిపోయింది. దాలినాయుడు ఏడుస్తున్నాడు. అంత లావు మనిషి, కన్నీటి బొట్టు గడ్డం దాకా రావడానికి కూడా ఇక్కడ చాలాసేపు పడుతుంది.

“తప్పు పిన్నీ,” అన్నాడు.

“తప్పో ఒప్పో మాఘంలో మాట్లాడుకుందాం. నీ రాయి తియ్యి,” అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఆషాఢం, బహుళ షష్ఠి

వదిన తాలింఖానాకి రాలేదు. నాతో మాట్లాడడం లేదు. మధ్యాహ్నం వంటశాలలో వరసలో నిలబడ్డాను. అందరి పళ్ళేలూ చేతికిచ్చింది. నా వంతు వచ్చేసరికి అన్నం పెట్టి, ఉలవచారు పోసి, గరిట పక్కన పెట్టింది. బల్ల చుట్టూ తిరిగి ఇవతలకి వచ్చి, పళ్ళెం నా కాళ్ళముందు నేలమీద పెట్టింది.

“నేలమీద్ది తీసుకుంతే ఎముకలు గట్టిపడతాయంట కదా. తీసుకో,” అంది.

నేను వంగి పళ్ళెం తీసుకున్నాను. అక్కడే నేలమీదే కూర్చుని తిన్నాను. చారు అద్భుతంగా ఉంది. కోపంలో కూడా ఆవిడ చెయ్యి తప్పదు.

ఆషాఢం, బహుళ దశమి

మళ్ళీ నేలే. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. నాకు అలవాటైపోయింది.

ఇవాళ పళ్ళెం అందుకోబోతూ తలెత్తాను. ఎదురుగా వదిన మొహం సరిగ్గా నా మొహానికి సమానంగా ఉంది. పళ్ళెం పెట్టి ఇంకా లేవలేదు. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి ఆయాసపడుతోంది.

బుర్ర వెలిగింది. పళ్ళెం నేలమీద పెట్టాలంటే ఆవిడ వంగాలి. నా మీద కోపంతో పూటకోసారి వంగుతోంది. నాలుగు రోజులుగా ముచ్చటగా మూడు పూటలా వంగుతోంది. తల్లీ, ఆ కోపం చల్లగా ఉండనీ.

“వదినా, ఉప్పు తక్కువైంది,” అన్నాను కూర్చున్నచోటినుంచే.

ఉప్పు డబ్బా తెచ్చి నేలమీద పెట్టింది. మొహం తిప్పుకుని వెళ్ళింది.

“వదినా, మజ్జిగ.”

తెచ్చి పెట్టింది.

“వదినా, ఉప్పు ఎక్కువైంది. కాస్త అన్నం.”

శ్రావణం, శుద్ధ పంచమి

తిని తిని చచ్చిపోయేలా ఉన్నాను. డాక్టరమ్మా, నా ఒళ్ళు పెరిగిందని నువ్వు అడగబోతున్నావు, కారణం ఇదీ.

ఇంతలో దాలినాయుడు చేసిన పని చెప్పాలి. వాడికి నా ఎత్తు తెలియదు. పిన్ని ఒక్కతే నేలమీద తింటోందని మనసు ఊరుకోక, నిన్న వాడూ పళ్ళెం పట్టుకొచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. “నాకూ ఇక్కడే వడ్డించప్పా,” అన్నాడు. వాడి మీద ఆవిడకి కోపం లేదు కదా, పళ్ళెం విసిరినట్టు పెట్టలేదు. వంగి, చూసి, ముద్దకి సరిపడా చారు పోసి లేచింది. ఇవాళ తవ్వకం వాళ్ళంతా నేలమీదకి దిగారు. నేను కొలిమి వాళ్ళకి కన్నుగీటాను, వాళ్ళూ కూర్చున్నారు. డాక్టరమ్మ చివర్న కూర్చుంది. చూస్తుండగానే దుమ్ముపేటలో బంతి భోజనాలు మొదలైపోయాయి.

బంతి వడ్డించడమంటే తెలుసు కదా. ప్రతి మనిషి ముందూ వంగాలి, లేవాలి, అడుగు వెయ్యాలి, మళ్ళీ వంగాలి. చేతిలో బాల్టీ. అన్నం ఒక చుట్టు, చారు ఒక చుట్టు, మజ్జిగ ఒక చుట్టు. ఎవరైనా సాయం లేవబోతే నేను చొక్కా పట్టి కూర్చోబెట్టాను. నాకు గంట అక్కర్లేకపోయింది. మూడు చుట్లు పూర్తయ్యేసరికి మా వదిన నుదుటి మీద చెమట మెరిసింది. తాలింఖానాలో ఆరేళ్ళుగా నేను చూడని చెమట అది.

ఒక్కటే లోటు. ఇక్కడ నిండు బాల్టీ అయినా దూదిలాగే ఉంటుంది. సాయంత్రం కొలిమి దగ్గరికి వెళ్ళి అక్కడివాళ్ళతో కాస్త గుసగుసలాడాను.

భాద్రపదం, శుద్ధ దశమి

బాల్టీ అడుగు బెత్తెడు మందం పోయించాను. గుండిగకి కూడా.

“ఈ బాల్టీ ఏటి, లేవకుండా ఉంది?” అందట వదిన దాలినాయుడితో.

“కొత్తది కదప్పా,” అన్నాడట. వాడికి అబద్ధమాడడం చాతకాదు, చెవులు ఎర్రబడ్డాయట.

నాతో ఇంకా మాటల్లేవు. రాత్రిళ్ళు మాత్రం నా దుప్పటి జారితే సర్దుతోంది, నేను నిద్రపోతున్నాననుకుని. నేను గురక నటిస్తున్నాను.

భాద్రపదం, బహుళ తదియ

ఇవాళ మొదటి గంట కొట్టబోతుంటే గుమ్మంలో వదిన కనబడింది. రెండు చేతులతో ఖాళీ బాల్టీ మోసుకొస్తోంది. తోమేటప్పుడు తిరగేసి చూసిందట. తెచ్చి నా కాళ్ళముందు బోర్లించింది. అడుగు మందం అందరికీ కనబడింది.

“ఎవల పనిది?”

“నాదే.”

“బంతి భోజనాలు?”

“దాలినాయుడు వాడంతట వాడే మొదలెట్టాడు. కొనసాగించింది నేను.”

“ఉప్పు? మజ్జిగ?”

“అన్నీ నేనే వదినా.”

“నన్ను మోసం సేసి ఒంగించావన్నమాట. రెండు నెలలు.”

“చేశాను. నువ్వు ఓడెక్కి వెళ్ళిపోతే నేనీ పేటలో ఉండలేను. నీ గురక లేకపోతే నాకు నిద్ర పట్టదు. నీకు గౌరవం కావాలంటే రోజూ పొద్దున్నే నీ కాళ్ళకి దండం పెడతాను. రాయి మాత్రం అందించను. తిట్టుకో, కొట్టుకో, నా పళ్ళెం బయట దుమ్ములో పెట్టు. నేను అందించను.”

అందరి ముందూ ఏడ్చేశాను. గంట కొట్టే మనిషి ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు.

వదిన కొంగుతో నా మొహం తుడిచింది, గట్టిగా, గిన్నె తోమినట్టు. తరవాత బాల్టీని కాలితో పక్కకి నెట్టి సంగిడి ముందు నిలబడింది.

“దొంగతనంగా ఒంగిస్తే గాని ఒంగలేననుకున్నావేటే? నాకు నానుగా ఒంగలేనేటి? ఈ పేటలో మొదటి సంగిడి పోత పోసిన్నాడు ఎత్తింది ఎవలు? గంట కొట్టు.”

కొట్టాను. ఆవిడ మోకాళ్ళు వంచింది. పిడి పట్టుకుంది. నేను నేర్పినట్టే నెమ్మదిగా లేపింది, నెమ్మదిగా ఆపింది. దాలినాయుడు చేతులు తమంతట అవే ముందుకు పోతుంటే వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

కార్తీకం, అమావాస్య

అమావాస్యకి మాకు కింద నిండుగా కనబడుతుంది, నీలంగా. వదిన కిటికీ దగ్గర నిలబడి కాసేపు చూసింది. “బావుంది. ఇక్కడినించి సూడ్డానికే బావుంది,” అంది.

ఎగ్గొట్టినవాళ్ళు లేరు. వదిన మూడు చుట్లూ నేలమీంచే చేసింది. నన్ను, గంటని, డాక్టరమ్మని, మా వంశాన్ని తిట్టింది. బంతి భోజనాలు మానలేదు. మందం బాల్టీ కూడా అదే.

మాఘం, శుద్ధ సప్తమి

ఓడ వచ్చింది. ఇవాళ కొలతలు.

వదిన లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. ఏమీ చెయ్యలేక అక్కడున్న కుర్చీని ఎత్తి దించాను, ఎత్తి దించాను. డాక్టరమ్మ బయటికి వచ్చి నన్ను చూసి, వేలితో గాలిలో ఒక గీత గీసింది. ఆ వేలిని గీత మీద పెట్టి, ఒక్క గోరంత పైకి లేపింది.

గోరంతే. గోరంత చాలు.

వెనకే వదిన వచ్చింది, చీర సవరించుకుంటూ. “ఏటే ఆ ఏడుపు? పొయ్యి మీద సోడంబలుంది. పద,” అంది.

మాఘం, బహుళ విదియ

ఓడ వెళ్ళిపోయింది. ఈసారి అందులో మా పేట మనుషులెవరూ లేరు. తాలింఖానా కిటికీలోంచి అందరం చూశాం. దాలినాయుడు చెయ్యి ఊపాడు. వదిన కూడా ఊపింది, వదిలింది పీడ అన్నట్టు.

ఫాల్గుణం, శుద్ధ చవితి

ఇవాళ నాకు అరవై నిండాయి. డాక్టరమ్మా, కాసేపు విను.

పొద్దున తాలింఖానాకి వెళ్ళేసరికి అందరూ ముందే వచ్చి నిలబడి ఉన్నారు. దుమ్ము కూడా దులుపుకున్నారు. నేను గంట కొట్టి నా రాయి దగ్గరికి వెళ్ళాను. ఈలోపే దాలినాయుడు దాన్ని రెండు చేతులతో ఎత్తి నా నడుం దగ్గరికి పట్టుకొచ్చాడు. వాడి కళ్ళు మెరుస్తున్నాయి. “ఇంద పిన్నీ,” అన్నాడు. పాత అలవాటు, పాత ప్రేమ. నిజం చెప్తాను, అంతా తెలిసిన నాకే చేతులు ముందుకొచ్చేశాయి. ఆరేళ్ళు వదిన ఎందుకు వదల్లేకపోయిందో ఆ ఒక్క క్షణంలో తెలిసింది. అంత బాగుంటుంది, ఎవరైనా అలా అందిస్తే.

“కింద పెట్రా,” అంది వదిన పక్క రాయి దగ్గరినుంచి.

దాలినాయుడు తెల్లబోయాడు. “ఈయాల పిన్నికి అరవై అప్పా.”

“ఎరికే. అందుకే కింద పెట్టమన్నాను.”

వాడు పెట్టాడు. వదిన తన రాయి దించి, నడిచొచ్చి, కాలితో నా రాయిని నా ముందుకి ఇంకాస్త నెట్టింది. నేను ఆవిడ మొహంలోకి చూశాను, నవ్వుతుందేమోనని. నవ్వడం లేదు.

“నన్నిక్కడే ఆపేసావు. రేపు నీ ఎముకలు గుల్లయిపోయి నిన్ను ఓడెక్కిస్తే నాకెవలున్నారే ఇక్కడ?” అంది. “సెకన్లు పోతన్నాయి. ఒంగు.”

వంగాను.